రంగూన్ నుంచి నడిచొచ్చినవాడి మీద నా నివేదిక

1942 వేసవిలో నన్ను గిద్దలూరు ఫిర్కాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫిర్కా అంటే తాలూకాలో కొన్ని గ్రామాల గుంపు. కరణాల రికార్డులు తనిఖీ చేయడం, విచారణలు జరిపి తహసీల్దారుకు నివేదికలు పంపడం మా పని. నేను చేరేనాటికే రంగూన్ జపాను చేతికి పోయింది. జపాను పలుకుబడి సముద్రం దాటి ఇటు పాకుతుందని సర్కారుకు భయం పట్టుకుంది. జపానును మెచ్చుకునేవాళ్లను విచారించి రాయమని రహస్య ఉత్తరువు వచ్చింది. వానచినుక్కే మొహం వాచిన మెట్టపల్లెల్లో జపాను మనుషుల్ని వెతకడం నా ఉద్యోగమైంది.

మొదటి పేరు కొమరోలు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. దేవదానం, రంగూన్ రేవులో మూటలు మోసినవాడు. భార్యతో బయలుదేరి, అడవులూ కొండలూ నడిచి, ఒంటరిగా ఇల్లు చేరాడు. సంతలో సర్కారును ఆడిపోసుకున్నాడని గ్రామ మునసబు ఫిర్యాదు. నేను వెళ్లేసరికి చర్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాల పుండ్లు ఇంకా మానలేదు.

“సంతలో అన్నదే మీకూ చెప్తానయ్యా. బాంబులు పడంగానే దొరలు ఓడలెక్కి పోయినారు. మమ్మల్ని ఎక్కనీలేదు. నడిచే దోవల్లో కూడా మంచిది వాళ్లకు, చెడ్డది మాకు. నా పెండ్లాం ఆ దోవలోనే నీళ్లు లేక చచ్చిపోయింది. జపానోళ్లు మంచోళ్లని నేనెందుకంటా? వాళ్ల బాంబుకే మా తమ్ముడు పోయినాడు.”

ఉన్నదున్నట్టు రాసి పంపాను. తహసీల్దారు నన్ను పిలిపించి, చివరి రెండు వాక్యాలను ఎర్రసిరాతో కొట్టేశాడు. కొట్టేసినవి లేకుండా మళ్లీ రాసి, ఆ సాపు ప్రతి మీద సంతకం పెట్టమన్నాడు. ఆ మాటలు తీస్తే అర్థమే మారుతుందని అన్నాను.

“దొరలు పారిపోయారనడమే జపానుకు ప్రచారం. నీకు నౌకరీ కావాలా, వాడి తమ్ముడు కావాలా?”

పళ్లు కొరుక్కుంటూ సంతకం పెట్టాను. భారత రక్షణ నిబంధనల కింద దేవదానానికి ఆరు నెలలు పడింది.

విడుదలయ్యాక అతను నేరుగా నా కచేరీకి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

“మీరు రాసింది కోర్టులో చదివినారయ్యా. అందులో మా తమ్ముడి మాట లేదు. మరిచిపోయినారేమో అడుగుదామని వచ్చినా.”

మరిచిపోలేదని చెప్పాను. ఎవరు తీయించారో కూడా చెప్పాను. అతను “మీకు నోరుందిగదయ్యా” అని వెళ్లిపోయాడు.

కూలీలను అడవిపాలు చేసిన దొరల మీద, ఎర్రసిరా ఒలకబోసిన తహసీల్దారు మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. నా మీద నాకున్న కోపం అంతకన్నా పెద్దది. రెండు రాజ్యాల పోరులో ఒక కూలివాణ్ణి శత్రువు మనిషిని చేయడానికి అబద్ధం రాయనక్కరలేదు, ఒక నిజం తీసేస్తే చాలు. ఆ తరువాత ఎవరు కొట్టేసిన ప్రతికీ నేను సాపు తీయలేదు. అందుకు మూడుసార్లు బదిలీ చేశారు.