బియ్యం బానలో సుత్తి

మా అత్త మా ఆయన సుత్తిని బియ్యం బానలో దాచేసింది. దాచేసి, బాన మీద చాట బోర్లించి, చాట మీద రోకలి అడ్డంగా పెట్టి, పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ కూర్చున్న తీరు చూస్తే రేంజరు వచ్చినా, కలెక్టరు వచ్చినా లేచేలా లేదు.

అది మామూలు సుత్తి కాదు. ఒక పక్క గొడ్డలిలా పదును, ఇంకో పక్క సర్కారు అక్షరాలు చెక్కిన ముఖం. అడవిలో ఏ చెట్టు కొట్టాలో మా ఆయనలాంటి ఫారెస్టరు తనే చూసుకుని, బెరడు చెక్కి, చెక్కిన చోట ఆ అక్షరాలు దిగేలా ఒక్క దెబ్బ వేయాలి. ముద్ర పడిన చెట్టునే కాంట్రాక్టరు మనుషులు కొట్టాలి. లేనిదాన్ని కొడితే కేసు. ఆ సుత్తి ఇంకొకరి చేతిలో పెట్టకూడదని రూలు. మా ఆయన దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో అది తగిలి నా నుదురు బొప్పి కట్టింది. అప్పటినుంచీ నాకూ ఆ సుత్తికీ పడదు. అందుకని అత్త దాన్ని బియ్యంలో కుక్కుతుంటే నేనేమీ అడ్డు చెప్పలేదు, పైగా లోలోపల నవ్వుకున్నాను.

అవి అరవైల చివరి రోజులు. ఆమదాలవలసలో రైలు దిగి, బస్సెక్కి, ఆ బస్సు ఇక ముందుకి పోనని ఆగిపోయిన చోట ఎడ్లబండి ఎక్కితే కొండల మొదట్లో మా క్వార్టరు. పెంకుటిల్లు, ముందు వరండా, వరండా మెట్టు దిగితే అడవి. పొద్దున్నే లేచి చూస్తే అడవి ఉండేది కాదు, మంచు ఉండేది. ఆ మంచులోంచి ముందు గుగ్గిలం చెట్ల తలలు, తరవాత మొదళ్ళు, ఆ తరవాత ఎక్కడో నెమలి అరుపు. ఎండ ఎక్కుతూంటే గుగ్గిలం పూల వాసన కమ్మగా, కాస్త మత్తుగా ఇంట్లోకి వచ్చేది. ఆ రోజులు తలుచుకుంటే నిజంగా జరిగినట్టుండవు నాకు. మధ్యాహ్నం కునుకులో ఉన్నప్పుడు ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టుంటాయి.

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు గెడ్డం గీయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, పచ్చని చెట్టు మీద కత్తి వేయకూడదు. మా వైపు ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వరి పండించుకునే రైతుకి ఇదేమంత కష్టం? గెడ్డం పెంచుకుని తిరిగితే సరిపోతుంది. చెట్లు కొట్టించి జీతం తీసుకునేవాడి సంగతేమిటని ఈ ఆచారం పెట్టినవాళ్ళెవరూ ఆలోచించినట్టు లేదు.

మా అత్త నరసన్నపేట దగ్గరి పల్లెనుంచి నువ్వులుండలు మూట కట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే కొడుకు సుత్తి పట్టుకుని బయల్దేరడం చూసింది. మా ఆయన చాలాసేపు బతిమాలాడు. కాంట్రాక్టరు మనుషులు వచ్చేలోపు కూపు అంతా, అంటే ఆ ఏడు కొట్టాల్సిన అడవి ముక్కంతా, ముద్రలు పడాలనీ, కొత్తవలస వైపు కొత్త రైలు లైనుకి స్లీపరు చెక్కలు కావాలని పైనుంచి తొందర పెడుతున్నారనీ చెప్పుకున్నాడు. ఆవిడ అంతా విని ఒక్క మాటే అంది.

"ఒరే, సెట్టుకీ పేణముంటాది. నీ ఇంట్లో ఒక పేణం పోసుకుంటన్నాది. రెండింటికీ ఒకే సెయ్యేట్రా?"

ఆ మాట వినగానే నాకు నవ్వు పోయి ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఏడో నెలలో నాకు ఒక బిడ్డ పోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ నా మంచం చుట్టూ కూర్చుని నేనేం చేశానో ఏరారు. అడవిలో తిరిగిందట, చెరువునుంచి బిందె మోసిందట, గట్టిగా నవ్విందట. కన్నీళ్ళు కూడా రానంత కోపంతో గోడ వైపు తిరిగి పడుకున్నాను. చివరికి మా అత్త వచ్చింది. అందరి మాటలూ వింది. "దానిదేటి లేదు. నా కొడుకు సెట్లు కొడతన్నాడు, అందుకే పోయింది," అంది. నా బిడ్డకీ ఎక్కడో అడవిలో చెట్టుకీ ఏమిటి సంబంధం? బిడ్డ పోయినదాని దగ్గర కూర్చుని ఇదా చెప్పేది? ఆ మాట ఏడాదిపాటు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ అదే మాట.

మండిపోయి నేను వంటింట్లోంచి అరిచాను, కొట్టేవాటి మీద చెయ్యి పడకూడదంటే ఉంచేవాటి మీదే గుర్తు వేసుకోమని. విసుక్కుని అన్న మాట అది. మా ఆయన మాత్రం గెడ్డం గోక్కుంటూ నా వంక అలాగే చూశాడు. కొన్నిచోట్ల అలాగే చేస్తారట. కూపులో ఉంచాల్సిన చెట్లకి సున్నంతో పట్టీ వేస్తారు, పట్టీ లేనివన్నీ కొట్టేస్తారు. ఉంచేవి తక్కువైతే పని కూడా తేలికట. రేంజరుని అడిగి వచ్చాడు. రేంజరు నవ్వి సరేనన్నాడట.

పోయే చెట్లు ఎలాగూ పోతాయి. కానీ మా ఆయన చెయ్యి వాటి మీద పడదు. మా అత్తకి అది చాలు. కొట్టి పడేసిన దుంగల మీద ముద్ర వేయడానికి కూడా ఒప్పుకుంది, దుంగలో ప్రాణం లేదు కాబట్టి. ఆ పని ఉన్ననాడు పొద్దున బానలోంచి సుత్తి తీసి ఇచ్చేది, సాయంత్రం తీసుకుని మళ్ళీ బియ్యంలో కుక్కేది. ఆ ఏడాది మా ఇంట్లో అన్నం ఇనుము వాసన వేసేది.

సున్నం పట్టీలు వేసిన రోజులు నా బతుకులో మంచి రోజులు. సున్నం ముంత పట్టుకుని అత్త ముందు, కొబ్బరి పీచు కుంచె పట్టుకుని మా ఆయన వెనక. నేను గోనె పరుచుకుని ఎక్కడో నీడన. విత్తనం రాల్చే గుగ్గిలాలూ మద్దులూ ఉంచాలి. ఎలుగుబంట్లు పూలు తినే ఇప్ప చెట్లు ఉంచాలి. దుప్పులు నీళ్ళకి దిగే చెలమ చుట్టూ ఒక్క కొమ్మ కూడా కదపకూడదు. మా ఆయన ఇవన్నీ చూసి చూసి పట్టీ వేస్తూంటే, మా అత్త తనకి నచ్చినదానికల్లా వేసెయ్యమనేది. ఒకదాని నీడ బాగుందట, ఇంకొకటి తన పెద్దక్కలా వంగి ఉందట. కొడుకు అటు తిరిగితే చేత్తోనే ఇంత సున్నం పులిమేసేది. అతను వెనక్కి వచ్చి తడిగుడ్డతో తుడిచేవాడు. ఇద్దరూ తిట్టుకుంటూ మంచులోకి వెళ్ళిపోయేవారు. తెల్ల పట్టీలు మాత్రం పంచె అంచుల్లా మంచులో తేలుతూ కనిపించేవి.

చెలమకి కాస్త ఎగువన ఒక ముసలి తాండ్ర చెట్టు ఉంది. తల ఎండిపోయింది, మొదలంతా డొల్ల. దాని తొర్రలో ఒక పెద్ద పిట్ట గూడు పెట్టింది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుండే పిట్ట. ఆడది తొర్రలో దూరి, లోపలినుంచే మట్టితో తలుపు మూసేసుకుంటుంది, ఒక్క సన్నని చీలిక ఉంచుకుని. గుడ్లు పొదిగి పిల్లలు కాస్త పెరిగేదాకా బయటికి రాదు. మగది రోజంతా మేడిపళ్ళు మింగి తెచ్చి, ఒక్కొక్కటే గొంతులోంచి పైకి తీసి, ఆ చీలికలోకి అందిస్తుంది. రెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, చీలికలోంచి ముక్కు కొస బయటికి వచ్చేది. సాయంత్రం మా ఆయన కూడా జేబులోంచి ఉసిరికాయలు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెడుతూంటే నాకు నవ్వాగేది కాదు. గెడ్డంతో అతనూ అలాగే ఉండేవాడు.

ఎప్పుడు మొక్కుకున్నానో తెలీదు. ఆ పిట్ట పిల్లలతో బయటికి వస్తే నా బిడ్డ దక్కుతుంది. అంతే. దేవుడితో కూడా చెప్పలేదు, నాలో నేనే అనుకున్నాను.

మా ఆయన ఆ చెట్టుకి పట్టీ వేయలేదు. ఉంచే చెట్టు గట్టిదై ఉండాలట, డొల్లది ముందు పోవాలట, దాని కింద లేత మొక్కలకి ఎండ తగలాలట. పురిటిది లోపలుందన్నాను. అతను మెత్తగానే అన్నాడు, ఈసారి పోతే పిట్టకి ఇంకోటి దొరుకుతుందని. చెట్టు గురించి అన్నాడో, గూడు గురించి అన్నాడో నాకు తెలీదు. ఏడాది కిందట నా మంచం చుట్టూ కూర్చున్నవాళ్ళు కూడా ఇంకోటి పుడుతుందనే అన్నారు. చేతిలో ఉన్న ఉసిరికాయలన్నీ విసిరికొట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాను. మూతి ముడుచుకుని కూర్చున్నాను, వడ్డించడం మానేశాను. అత్త వడ్డించింది. ఎవరి పక్షమూ పలకలేదు.

కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. గొడ్డళ్ళ చప్పుడు మొదట దూరంగా, బట్టలుతికినట్టు వినిపించేది. రోజురోజుకీ దగ్గరికొచ్చింది. ఒక పొద్దున అది చెలమ వైపునుంచి వినిపించింది. గడప దాటొద్దన్న అత్త మాట ఏట్లో కలిసింది. కడుపు పట్టుకుని, పడుతూ లేస్తూ వెళ్ళాను. వెనక అత్త తిట్టుకుంటూ వస్తూనే ఉంది.

తాండ్ర చెట్టు దగ్గర కూలీలు గొడ్డళ్ళు దించి నిలబడి ఉన్నారు. చెట్టుకి సున్నం పట్టీ ఉంది. బాగా కిందికి, పొట్టిమనిషి చెయ్యి అందే ఎత్తున, వంకరటింకరగా, కారిపోతూ. మగ పిట్ట పక్క చెట్టు మీద వాలి, దగ్గరికి రావడానికి భయపడుతోంది. కాంట్రాక్టరు మేస్త్రీ నాకు దణ్ణం పెట్టి, ఇది ఫారెస్టరు గారి పట్టీ కాదమ్మా, ఆయన ఇంత కిందికి ఎప్పుడూ వేయలేదు అన్నాడు. మా అత్త రొప్పుతూ వచ్చి, వేసింది తనేనని చెప్పింది. ఆవిడ వేస్తే చెల్లదన్నాడు మేస్త్రీ. నిజమే, చెల్లదు.

కబురు వెళ్ళింది. మా ఆయన వచ్చాడు. చెట్టు వంక చూశాడు, వాళ్ళమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. నేను తొర్ర వైపు చెయ్యి చూపించాను. అతను కూలీ చేత సున్నం ముంత తెప్పించుకుని, అత్త వేసిన పట్టీకి పైన, తన ఛాతీ ఎత్తున, ఇంకో పట్టీ నున్నగా చుట్టూ తిప్పి వేశాడు. కూలీలతో ఎప్పుడూ ఆఫీసు భాష మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం మా భాషలోనే అన్నాడు.

"ఇది ఉంటాది."

తరవాత రేంజరు తనిఖీకి వచ్చినప్పుడు డొల్ల చెట్టుకి పట్టీ ఏమిటని అడిగాడట. పిట్ట గూడు ఉందని చెప్పాడట ఈయన. రేంజరు దుర్భిణీ పెట్టుకుని చాలాసేపు చూసి, మా ఇంట్లో టీ తాగి వెళ్ళిపోయాడు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున మట్టి తలుపు పగిలి ఉంది. తల్లి పిట్ట ఎగరడం మరిచిపోయినదానిలా తూలుతూ కొమ్మ మీదకి వచ్చింది. దాని వెనక, ఇంకా రంగు తిరగని ముక్కుతో ఒక పిల్ల. నేను వానలో నిలబడి ఏడ్చాను. అత్త నా తల మీద గోనె కప్పింది.

ఆ వారంలోనే ఆవిడ నన్ను తన పల్లెకి తీసుకుపోయింది. నాకు అమ్మ లేదు, పురుడు ఆవిడే పోయాలి. వానల్లో చెట్లు కొట్టరు కదా అని సుత్తిని కూడా బియ్యం మూటలో కట్టి తనతో తెచ్చేసింది. పై అధికారి అడిగితే ఏం చెప్పాలో తెలియక మా ఆయన నానా అవస్థా పడ్డాడు.

ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. కబురందుకుని వచ్చిన మా ఆయన వీధి అరుగు మీద కూర్చుని గెడ్డం గీయించుకున్నాడు. నున్నటి ముఖంతో లోపలికి వస్తే ఎవరో అనుకున్నాను. అత్త మూట విప్పి, బియ్యంలోంచి సుత్తి తీసి, అక్షరాల్లో ఇరుక్కున్న గింజలు గోటితో రాల్చి కొడుక్కి ఇచ్చింది. ఇంక నీ పని నువ్వు సూసుకో అంది. అతను దాన్ని చంక కింద పెట్టుకుని బయటికి పోయాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. సంతోషంతో నాకు పొగరెక్కింది. మొత్తానికి నీ ఆచారం పనిచేసింది కదా అత్తా అని ఆట పట్టించాను.

ఆవిడ బియ్యం మూట మళ్ళీ కడుతూ నెమ్మదిగా అంది.

"ఏటి పనిసేసింది? మీ మావ జన్మలో ఒక సెట్టు కొట్టనేదు. గెడ్డం గియ్యనేదు, కాయ కొట్టనేదు. అయినా నాకు ఇద్దరు పోనారు. ఊరంతా నన్నే అన్నారు. మా యమ్మ కూడా నన్నే అన్నాది."

మూట ముడి బిగించి, మళ్ళీ అంది.

"ఈపాలి ఏటైనా అయితే నిన్ను అనకూడదు. సుత్తి నాను దాసీసినా ఆడు తీసుకెల్లిపోనాడు, నాను కాపలా కాయలేపోనాను అని సెప్పీదాన్ని. ఆడిదీ నాదీ తప్పని అందరికీ సెప్పీదాన్ని. అందుకే దాసాను."

పిల్లని ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ అరచేతికి ఇంకా బియ్యపు తవుడు అంటుకుని ఉంది. ఆ చేత్తోనే పిల్ల తల నిమిరింది.