రెండో బటన్ గురించి నేను చెప్పనిది

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. ఏ పనిలో ఉన్నా, ఎవరి ఎదుట నవ్వుతున్నా, దాని బరువు మాత్రం గుండె మీద అలాగే ఉంది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. నాన్నగారు తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లులో పనిచేసేవారు. నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్న రోజుల్లో, శనివారం సాయంత్రాలు పెంటపాడులోని మా చర్చిలో పాటల సాధన ఉండేది. అక్కడ గిటారు వాయించే అతన్ని ప్రభాకర్ అంటాను. అది అసలు పేరు కాదు. వాళ్లది కొల్లేటికోట, తండ్రిది చేపల చెరువుల మీద పని. అతను గూడెంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తూ, గది అద్దెకు తీసుకుని ఉండేవాడు.

మా ఆరాధనలో పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఉండదు. పాట చివరి చరణంలోంచే ప్రార్థన మొదలవుతుంది, ప్రార్థనలోంచి మరో పాట. గిటారు శబ్దం మారాలి, మారినట్టు ఎవరికీ తెలియకూడదు. అందుకని సంఘం వాళ్లు కాలితో నొక్కే మిడి కంట్రోలర్ ఒకటి కొని, అమర్చే పని నాకు అప్పగించారు. బటన్ నొక్కితే ఒక నంబరు, గిటారు శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్స్ యంత్రానికి వెళ్తుంది. ఆ నంబరులో దాచుకున్న శబ్దం వస్తుంది. ఒకటి మామూలు శబ్దం. రెండు, ప్రార్థన కోసం, దూరం నుంచి వచ్చే ప్రతిధ్వని. మూడు, పండగ పాటలకు వాడే గరుకు మోత. పాత శబ్దం చివర కొత్తదానిలోకి కరిగిపోయేలా అమర్చడానికి మాకు ఎన్నో శనివారాలు పట్టింది. చెప్పులు బయట విడిచి వచ్చే చర్చి కాబట్టి అతను ఉత్త కాలి బొటనవేలితో, కిందకి చూడకుండా నొక్కేవాడు. నేను పక్కన కూర్చుని "ఇప్పుడు" అనేదాన్ని. ఆ ఒక్క మాట అనడం కోసమే వారమంతా గడుపుతున్నానని నాకు తెలియదు. తెలియదా? తెలుసు. ఒప్పుకోలేదంతే.

ఊరూరా తిరిగే ఒక పెద్ద ఆరాధన బృందానికి గిటారిస్టు కావలసి వచ్చింది. ఏలూరులో ఒక కల్యాణ మండపంలో, ఆరాధనకు వచ్చే జనం ముందే కొందరిని వాయించి చూపమన్నారు. ఎంపికైతే హైదరాబాదులో ఉండిపోవాలి. కంట్రోలర్ ఎవరిది వారు తెచ్చుకోవచ్చు, ఎఫెక్ట్స్ యంత్రం మాత్రం వాళ్లది. ఆ రోజు నేను ముందుగా వెళ్లి, మా శబ్దాలను అందులోకి ఎక్కించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో బటన్ నొక్కి చూశాను. మూడో శబ్దం వచ్చింది. కారణం వెంటనే అర్థమైంది. మా చర్చి యంత్రం ఒకటి నుంచి లెక్కపెడుతుంది, వాళ్లది సున్నా నుంచి. అన్నీ ఒక స్థానం ముందుకు జరిగాయి. సరిచేయడం చిన్న పని. నేను చేయి చాచాను. వెనక్కి తీసుకున్నాను. యంత్రం మీదే మళ్లీ మొదటి శబ్దం పెట్టేసి లేచి నిలబడ్డాను.

అప్పుడే అతను వచ్చాడు, మెరుస్తున్న నల్ల బూట్లతో.

"చూడండి ఇంజనీరు గారూ, మా నాన్న నన్ను పెళ్లిచూపులకి తయారుచేసినట్టు చేశాడు. వీటితో నడవడమే రావట్లేదు."

"బాగున్నాయండీ."

"బూట్లు సరే. బటన్లు?"

"అన్నీ బాగున్నాయండీ."

"మీరు చూశారంటే ఇంక నేను చూడక్కర్లేదు."

నిజంగానే చూడలేదు. మొదటి శబ్దంతోనే శ్రుతి సరిచూసుకుని మొదలుపెట్టాడు. చక్కగా వాయించాడు. ప్రార్థన దగ్గరికి వచ్చాక రెండో బటన్ నొక్కాడు. కళ్లు మూసుకున్న జనం మీద ఆ గరుకు మోత విరుచుకుపడింది. ఉలిక్కిపడి మొదటిది నొక్కితే ప్రతిధ్వని వచ్చింది. అతను కిందకి చూశాడు, యంత్రం వైపు కాదు, తన కాళ్ల వైపు. బృందం పెద్దాయన మర్యాదగానే చెప్పారు: "ఇంకొంచెం సాధన చేయండి బాబూ."

బయట ఆటో కోసం నిలబడ్డాం. కొడుకు వాయించేది చూడటానికి వెంట వచ్చిన తండ్రి నా దగ్గరికి వచ్చారు. "నేనేనమ్మా వేసుకోమన్నది. పెద్దోళ్ల ముందు ఉత్త కాళ్లేం బాగుంటాయిరా అన్నాను. వాడి కాలికి బటన్ గుర్తు తెలీలేదు."

చెప్పడానికి అదొక అవకాశం. నేనేమన్నానో తెలుసా? "అలవాటు లేక అయి ఉంటుందండీ."

అతను వెళ్లకూడదనుకున్నాను, నిజమే. కానీ వెళ్లొద్దని అడిగే ధైర్యం లేని మనిషికి, వెళ్లే దారి మూసే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఏమీ చేయలేదు కదా, చేయకుండా ఊరుకున్నాను అంతే కదా అని ఎన్నిసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నానో. నచ్చలేదు. నా కోసం ఆపుకున్న మనిషి నాకూ మిగల్లేదు. కొన్నాళ్లకే కంట్రోలర్ చర్చికి అప్పగించి, గది ఖాళీ చేసి, కొల్లేటికోట వెళ్లిపోయాడు. ఇప్పుడు చెరువుల పని. ఆదివారం వాళ్ల ఊరి చర్చిలో మామూలు గిటారు వాయిస్తాడట, ఏ యంత్రమూ లేకుండా. నేను ఏలూరులో పాఠాలు చెప్పుకుంటున్నాను. శనివారం సాయంత్రమైతే ఈనాటికీ ఎక్కడికో వెళ్లవలసినదానిలా తయారై, ఎక్కడికీ వెళ్లక కూర్చుంటాను.

ఈమధ్య ఒక పెళ్లిలో వాళ్ల నాన్నగారు కనిపించారు. ముసలివారయ్యారు. భోజనాల బంతిలో నా పక్కనే కూర్చుని అందరితో అంటున్నారు: "మావాడు హైదరాబాదులో ఉండాల్సినోడండీ. నేను కొన్న బూట్లే వాడి కొంప ముంచాయి!" అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, కానీ ఆ తర్వాత అన్నం కలుపుతూ చాలాసేపు తల ఎత్తలేదు. నేనూ నవ్వాను. అందరితో పాటు.

ఆయన ఇంకెన్నాళ్లుంటారో తెలియదు. చెబితే కొడుకు ముఖం ఇక చూడలేను. చెప్పకపోతే తండ్రి ఆ మాటతోనే వెళ్లిపోతారు. ఇది తెలిసీ ఇంకా తూకం వేస్తున్నానంటే, ఆ మండపంలో చేయి వెనక్కి తీసుకున్న మనిషి ఇంకా నాలోనే ఉందన్నమాట. మీరు నన్ను క్షమించాలని అడగను. క్షమించవలసిన వాళ్లు మీరు కాదు.

ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి. తప్పు ఆయన కొన్న బూట్లది కాదు. ప్రభాకర్ కాలిదీ కాదు. నాకు తెలుసు. తెలిసే, అన్నీ బాగున్నాయని చెప్పాను.