ఇస్త్రీపెట్టె పెడితే పలికిన గిటారు

మొన్న పొద్దున్న స్టీల్ ప్లాంటు ఊళ్లోని రుఆబాంధా కాలనీ నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ వెళ్లిపోయేరే," అంది. ఫోన్లోనే ఇద్దరం కాసేపు ఏడ్చాం. తరవాత తనే ముక్కు చీదుకుని, "నిన్న సాయంత్రం కూడా ఆసుపత్రిలో నర్సమ్మని పిలిచి, ఆ ఫ్యాను బేరింగు పోతంది, ఎవరికైనా చెప్పమ్మా అన్నారు. ఆవిడేమో ఏదో నొప్పి గురించి చెబుతున్నారనుకుని మంచం పక్కన కూర్చుంది," అంది. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చేసింది. అక్కకీ వచ్చింది. మా బావగారి కోసం తీరిగ్గా ఏడుద్దామన్నా కుదరదు, ఏదో ఒకటి గుర్తొచ్చి చెడగొడుతుంది. అందుకని నవ్వుతూనే రాస్తున్నాను.

ఆయన మా పెద్దక్క భర్త. స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. కొలిమిలో వేడి ఎంతుందో, గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో చూపించే మీటర్లన్నీ ఆయన బాధ్యత. ముల్లు ఉండాల్సిన చోట ఉండాలి, గీత తిన్నగా పోవాలి, అదీ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ధ్యాస వదిలేది కాదు. కుక్కరు కూత కాస్త తేడాగా ఉంటే చాలు, వంటింట్లోకి తొంగిచూసేవారు. గేటు ముందు ఎవరి స్కూటరైనా ఆగితే "రండి" అనడానికి ముందే "ప్లగ్గు మార్పించేరేటి?" అని అడిగేవారు. ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి, తల ఓ పక్కకి వంచి వినేవారు. పుచ్చకాయైనా అంతే, ట్రాన్సిస్టరైనా అంతే.

నేను డిగ్రీ అయ్యాక విజయనగరం నుంచి ఆ హిందీ ఊరికి, వాళ్ల దగ్గరికి, సెక్టర్ నాలుగులో ప్లాంటు క్వార్టరుకి వచ్చేశాను. అది డెబ్భైల నడిమికాలం. అక్కడే ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు మా వరసలోనే ఉండే ఓ బెంగాలీ దీదీ దగ్గర హవాయిన్ గిటారు నేర్చుకున్నాను. ఒళ్లో బల్లపరుపుగా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే గిటారు అది. మీటి వదిలేస్తే చాలదు, స్వరాన్ని సాగదీసి నిలబెట్టాలి. దానికి మంచి యాంప్లిఫయర్ లేకపోతే ఎంత వాయించినా అట్టపెట్టె మీద దారం లాగినట్టే ఉంటుంది.

భర్తకి బదిలీ అయినప్పుడు దీదీ తన యాంప్లిఫయర్ నాకిచ్చి వెళ్లింది. కలకత్తాలో ఎవరో ముసలాయన ఒక్కోదాన్నీ తన చేత్తోనే కట్టేవాడట. టేకు పెట్టె, ముందు ఆకుపచ్చ గుడ్డ, లోపల గాజు వాల్వులు. స్విచ్చి వేశాక వేడెక్కడానికి కాస్త సమయం తీసుకునేది. వేడెక్కాక మాత్రం, గట్టిగా మీటిన స్వరం ముందు కొంచెం ఒదిగి, ఆ తరవాత మెల్లగా విచ్చుకునేది. మొదటిసారి విన్నరోజు బావ కాఫీ తాగడం మర్చిపోయారు.

"ఎంత బాగున్నాదే!" అన్నారు. ఆ వెంటనే, "కానీ..." అన్నారు.

ఇంజనీరు నోట్లోంచి 'కానీ' వచ్చిందంటే ఇంట్లో వస్తువులన్నీ మంచం కింద దాక్కోవాలి. ఆయన అప్పటికే వెనక చెక్క విప్పేసి, మీటరు తీగలు లోపల పెట్టేశారు.

"నువ్వు గట్టిగా మీటినప్పుడల్లా లోపల ఓల్టేజి కుంగిపోతందే. ముల్లు చూసేవా? ఇది తప్పు."

"వినడానికి బాగానే ఉంది కదా బావా."

"బాగున్నాది. సరిచేస్తే ఇంకా బాగుంటాది."

ఆయనకో నియమం ఉంది. ప్లాంటులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి రోజూ చెప్పేవారట. "ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మార్చేవనుకో, ఏది బాగుచేసిందో తెల్దు, ఏది పాడుచేసిందో తెల్దు." ఆ నియమాన్ని ఆ ఆదివారం ఆయనే గాలికొదిలేశారు. ఉత్సాహం అలాంటిది. పాత కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి పెట్టారు, తీగలు మార్చారు, అతుకులన్నీ మళ్లీ అతికారు. మిగతా వాల్వులకి కరెంటు అందించే రెక్టిఫయర్ వాల్వు ఒకటుంటుంది, అన్నిటికన్నా పెద్దది. దాన్ని కూడా ఊడదీసి, ఆ పని చెయ్యడానికి చింతగింజల్లాంటి డయోడ్లు పెట్టారు. "ఇంత గాజుబుడ్డి చేసే పని ఈ కాసింతవీ చేసీస్తాయి. ఇంక ఓల్టేజి కుంగమన్నా కుంగదు," అని మురిసిపోయారు. ఊడదీసిన వాల్వు చూడ్డానికి ముచ్చటగా ఉందని అక్క దాన్ని షోకేసులో ఏటికొప్పాక బొమ్మల పక్కన నిలబెట్టింది.

సాయంత్రానికి అంతా సిద్ధమైంది. అంతకుముందు వెనకాల వినబడే గుయ్యిమనే రొద పోయింది. ఎంత గట్టిగా మీటినా మీటరు ముల్లు కదల్లేదు. బావ ముఖం వెలిగిపోతోంది. నేనేమో తీగ మీద కడ్డీ జరుపుతున్నాను గానీ, స్వరం టక్కున వచ్చి గేటు దగ్గర గార్డులా నిటారుగా నిలబడుతోంది. ఒదగడం లేదు, విచ్చుకోవడం లేదు. ఆయన అంత సంబరంగా ఉంటే ఆ మాట ఎలా చెప్పను?

నా బదులు మాస్టర్‌జీ చెప్పారు. ఆయన మా సెక్టర్ ఆర్కెస్ట్రాకి పెద్ద, రోలింగ్ మిల్లులో పనిచేసే పంజాబీ. ఆ ఏడు వినాయక చవితి పందిట్లో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఉంది. ఆడపిల్లలు స్టేజి ఎక్కి పాడటం మామూలే గానీ, వాయిద్యం పట్టుకుని కూర్చోవడం మా సెక్టర్లో అప్పటిదాకా లేదు. అలాంటిది, ఒక పాట మొత్తం నా గిటారు మీదే నడిపిస్తానని ఆయన ఒప్పుకున్నారు. ఆ పాట నాకెంత ముఖ్యమో చెప్పలేను. క్లాసులో పిల్లలకి లెక్కలు చెబుతూ కూడా బల్ల మీద వేళ్లు ఆడించేదాన్ని.

రిహార్సల్లో మాస్టర్‌జీ సగంలోనే ఆపేశారు. "బేటీ, ఆవాజ్ సాఫ్ హై. లేకిన్ జాన్ నహీ హై," అన్నారు. శబ్దం శుభ్రంగానే ఉంది, ప్రాణమే లేదని. వచ్చే ఆదివారం రిహార్సల్‌కి కూడా ఇలాగే ఉంటే ఆ పాట అకార్డియన్ భయ్యాకి ఇచ్చేస్తానని నొచ్చుకుంటూనే చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట బావకి చెప్పేశాను.

బావ నన్ను ఓదార్చలేదు, తనని తాను వెనకేసుకు రాలేదు. "నేను పాడుచేసేను. నేనే బాగుచేస్తాను. నీ పాట ఎక్కడికీ పోదు," అని స్క్రూడ్రైవర్ అందుకున్నారు. పెద్దవాళ్లు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ వారమంతా డ్యూటీ నుంచి రాగానే ఇదే పని. ఈసారి నియమం తప్పలేదు. పాత భాగాల్లో ఒకటి వెనక్కి పెట్టడం, నేను అదే వరస వాయించడం, వంటింట్లోంచి అక్క తీర్పు చెప్పడం.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదండీ. పప్పు మాడుతోంది, కాసేపు ఆగండి."

పాతవన్నీ వెనక్కి వెళ్లాయి, ఆ పెద్ద వాల్వు తప్ప. దాని మీద ఆయనకి అనుమానమే రాలేదు. "అది కరెంటు సప్లయి. దానికీ స్వరానికీ ఏటి సంబంధం? నీళ్లు ఏ పంపులోంచి వచ్చేయో సాంబారుకి తెలుస్తాదేటి?" అని కొట్టిపారేశారు. చదువుకున్న మాట కదా, మేమూ నమ్మేశాం.

శనివారం సాయంత్రం వచ్చేసింది. మర్నాడే రిహార్సల్. నేను ఆశ వదులుకుని ఊరికే వాయిస్తున్నాను, బావ నేల మీద కూర్చుని పెట్టెలోకి చూస్తున్నారు. ఇంక వీళ్ల పని తెమిలేది కాదని అక్క తన పిల్లల స్కూలు బట్టలు తెచ్చి, అదే గదిలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. అది కరెంటు లాగేసరికి గదిలో బల్బు కాస్త పచ్చబడింది. నా చేతి కింద స్వరం ఒక్కసారి మెత్తబడి, కొంచెం కుంగి, విచ్చుకుంది.

అక్క ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి ఇటు తిరిగింది. "ఇదే! ఇదేనే!"

బావ గబుక్కున లేచి ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేశారు. స్వరం మళ్లీ నిటారుగా నిలబడింది. స్విచ్చి వేశారు, మెత్తబడింది. తీశారు, వేశారు. నేను వాయిస్తూనే ఉన్నాను, అక్క చప్పట్లు కొడుతోంది, పిల్లాడి చొక్కా మీద పెట్టె ముద్ర పడి పొగలొస్తోంది, ఎవరికీ పట్టలేదు.

"ఠీక్ హై. రేపు ఇస్త్రీపెట్టె కూడా పట్టుకెళ్దాం," అన్నారు బావ. నిజంగానే అన్నారు. "హీటరైతే ఇంకా నయం గావాల. ఇంకొంచెం లాగుతాది."

"స్టేజి మీద పిల్ల గిటారు వాయిస్తుంటే వెనకాల నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చోవాలేటండీ?" అంది అక్క.

ముగ్గురం పడీపడీ నవ్వాం. బావ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. నెమ్మదిగా షోకేసు వైపు తిరిగారు.

"ఒసే, కుంగడమేనే కావలసింది!" అన్నారు. "గట్టిగా మీటితే ఆ ముసలి వాల్వు కాస్త అలిసిపోయేది. అలిసి, మళ్లీ తేరుకునేది. ఆ తేరుకోడమే మనకి వినిపించింది. నేను తప్పన్నదే దాని ఊపిరి." వాల్వు తీసి, దుమ్ము తుడిచి, చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాని చోట పెట్టారు. ఇస్త్రీపెట్టె అవసరం లేకుండానే గిటారు పలికింది.

అంతటితో ఆగితే ఆయన మా బావే కాదు. ఆ తరవాత కూడా దాన్ని సవరిస్తూనే ఉన్నారు, కానీ ఒకసారికి ఒకటే, అదీ నన్నూ అక్కనీ అడిగాకే. స్పీకరు మరలు కొంచెం వదులు చేశారు, ఒక కెపాసిటర్ మార్చారు, పై స్వరాల్లో ఉన్న గరుకుదనం పోయింది. కలకత్తా ముసలాయన విన్నా కాదనలేనంత బాగా తయారైంది. ఇస్త్రీపెట్టె కథ మాత్రం ఆయన ఎవరికీ దాచలేదు. రిటైరయ్యేదాకా ప్లాంటులో కుర్రాళ్లకి తన మీద తానే జోకులేసుకుంటూ చెప్పేవారట. "ముల్లు కదిలిందని కంగారు పడిపోకండి. ముందు వినండి," అనేవారట చివర్లో. నేను ఎందరికో గిటారు నేర్పాను. వాళ్లకి సంగీతం గురించి నేను చెప్పిన మంచి మాట ఏదైనా ఉంటే, అది ఆ మీటర్ల ఇంజనీరు దగ్గర నేర్చుకున్నదే. ఆయన బతికుండగా ఆ మాట ఎదురుగా చెప్పాను కూడా. "మరదలివి కాబట్టి పొగుడుతున్నావు," అని కొట్టిపారేశారు గానీ, ఆ రోజంతా హుషారుగా తిరిగారని అక్క చెప్పింది.

ఇక ఆ ఆదివారం రిహార్సల్లో మాస్టర్‌జీ కళ్లు మూసుకుని విని, "ఆ గయీ జాన్," అన్నారు, ప్రాణం వచ్చేసిందని. పాట నాకే ఉండిపోయింది. ప్రోగ్రాం సాయంత్రం బావ జనంలో కూర్చోలేదు, స్టేజి వెనక యాంప్లిఫయర్ పక్కన ఇటుకల మీద కూర్చున్నారు. నేను మొదటి స్వరం లాగి పట్టుకున్నాను. అది ఒదిగి, తేరుకుని, విచ్చుకుని పందిరంతా నిండింది. పిల్లల గోల కూడా ఆగిపోయింది. పాట అయ్యాక చప్పట్ల మధ్య ముందు వరసలో ఒకావిడ, "ఆ పిల్ల ఎవరి తాలూకు?" అని గట్టిగా అడిగింది. తెర వెనక నుంచి, "మా మరదలండీ!" అని కేక వినబడింది. జనమంతా గొల్లున నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, సన్నగా వాన మొదలైంది. సైకిలు వెనక సీటు మీద యాంప్లిఫయర్ పెట్టి అక్క పాత చీరతో కట్టాం. నేను హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తున్నాను, అక్క గిటారు కొంగులో చుట్టుకుని పక్కన నడుస్తోంది. ఉన్నది ఒక్కటే గొడుగు. బావ దాన్ని పెట్టె మీద పట్టుకుని వెనకాల నడుస్తున్నారు, ముగ్గురం తడిసి ముద్దవుతున్నాం. ఆయన మధ్యమధ్యలో ఆగమని, పెట్టె వెనక చెక్క మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నారు. జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, ముఖమంతా నవ్వుతో, ప్రతి మలుపులోనూ అదే మాట.

"ఇంకా వెచ్చగానే ఉందే."