ఎంగిలి గిన్నె

మా పిన్ని చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. నాది ఆ తర్వాత ఇంకో పదేళ్లు సాగింది. ఈ తేడాని నేను ఏనాడూ మర్చిపోలేదు. అదే నాకున్న పెద్ద జబ్బు. దాన్ని ఆవిడ సరిగ్గా అయిదు రోజుల్లో కుదిర్చింది.

మేమిద్దరం ఒకే పరిశోధన కేంద్రంలో పనిచేస్తాం. నేను మూడో అంతస్తులో చిక్కదనం కొలిచే మిషన్ నడుపుతాను. ఆవిడ కింది అంతస్తులో గిన్నెలు కడుగుతుంది. రెండో అంతస్తులో వంటగది, దాని పక్కనే ముప్ఫై మంచాల వార్డు. పక్షవాతం వచ్చి గొంతు దెబ్బతిన్నవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లకి మంచినీళ్లు కూడా శత్రువే. పలచనిది ఏది మింగినా పొట్టలోకి పోవలసింది ఊపిరి గొట్టంలోకి పోతుంది. దగ్గు, ఆ తర్వాత జ్వరం, ఊపిరితిత్తుల్లో చీము. అందుకని అన్నీ చిక్కగా చేసి పెట్టాలి. మరీ చిక్కనైతే గొంతులో అడ్డం పడుతుంది. ఆ మధ్యస్థం పట్టుకోవడానికే ఇంజినీర్లు, డాక్టర్లు, ఆహార శాస్త్రం వాళ్లు కలిసి పద్నాలుగు నెలలుగా ఒక జావ తయారు చేస్తున్నారు. ఒక రకం దుంప పిండి వేసి చిక్కబరిచిన కూరగాయల జావ అది. ఒకళ్ల మాట ఒకళ్లకి పడదు గానీ, మా మిషన్ చెప్పిన అంకె దగ్గర మాత్రం అందరూ నోరు మూసుకుంటారు. ఆ అంకె చదివేది నేను. ఇంక నా దర్జా గురించి వేరే చెప్పాలా?

మిషన్ అంటే పెద్ద మాయేమీ కాదు. గాజు కప్పులో జావ పోస్తే ఉక్కు కడ్డీ ఒకటి అందులో తిరుగుతుంది. తిరగడానికి అది ఎంత కష్టపడితే జావ అంత చిక్కన. మా లెక్కలో రెండొందలు దాటితే వార్డులోకి వెళ్లొచ్చు. వంద లోపలికి పడితే ప్రమాదం.

ముప్ఫై మంచాల్లో తొమ్మిదోది మా బాబాయిది. పిన్ని మొగుడు. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. చెయ్యి దారికొచ్చింది, కాలు దారికొచ్చింది, గొంతు మాత్రం మొరాయించింది. వార్డులో ఒక పద్ధతి ఉంది. ప్రతి చెంచా మింగాక రోగి "ఆ" అనాలి. గొంతు తేటగా పలికితే సరే, గరగరలాడితే జావ దారి తప్పినట్టు. మా బాబాయి "ఆ" అనడు. "రైట్ రైట్" అంటాడు. పక్క మంచాలవాళ్లు కూడా అదే అలవాటు చేసుకుని, భోజనాల వేళకి వార్డుని బస్టాండు చేసి పెట్టారు.

ఆయనకి అప్పటికే రెండుసార్లు జావ తింటూ దగ్గు వచ్చింది. మూడోసారి వస్తే పొట్టకి గొట్టం వేస్తారు. ఆ తర్వాత నోటితో తినడం ఉండదు. ఎప్పటికి ఉంటుందో కూడా చెప్పరు. తింటూ మాట్లాడటానికే పుట్టినట్టుండే మనిషికి అది ఎలాంటి శిక్షో పిన్నికి తెలుసు. అందుకే రోజూ మధ్యాహ్నం చేతులు కడుక్కుని పైకి వెళ్లి తనే తినిపించేది. ఒక్కో చెంచా, నెమ్మదిగా, మధ్యమధ్యలో కలుపుతూ, నలభై నిమిషాలు. "మీ పిన్ని ఓపిక చూసి మాకే ముచ్చటేస్తుంది" అని నర్సు నాతో అంది. ఆ నర్సు పక్క మంచం ఆయనకి పది నిమిషాల్లో గిన్నె ఖాళీ చేయించేది. ఆయనకి ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. ఈ రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. అయినా నాకు తట్టలేదు.

ఒక రోజు టీ తాగుతుంటే పిన్ని అడిగింది. "ఏరా, నీ మిషన్ కప్పులు కడగలేక నా వేళ్లు అరిగిపోతున్నాయి. పీచు పెట్టి తోమినా వదలదు. అదే జావ వార్డు నుంచి ఎంగిలి గిన్నెల్లో వస్తే, వంచితే చాలు జారిపోతోంది. ఎందుకంటావు?"

"వార్డులో నీళ్లు కలుపుతున్నారేమో పిన్నీ."

ఆవిడ వెళ్లి నర్సుని అడిగేసింది. నర్సు అగ్గి మీద గుగ్గిలమైంది. ఆ మంట తిరిగి తిరిగి నా దగ్గరికి వస్తే, "గిన్నెలు కడిగే మనిషి, ఏదో అంది, వదిలెయ్యండి" అన్నాను. నా పిన్ని గురించి నేనే అన్న మాట అది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

గురువారం మధ్యాహ్నం బాబాయికి మూడోసారి దగ్గు వచ్చింది. మొహం నల్లబడేదాకా దగ్గాడు. పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసి సోమవారం గొట్టం వేస్తామని కాగితం మీద రాసింది. బాబాయి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదలు.

పిన్ని ఆ సగం తిన్న గిన్నె పట్టుకుని కిందికి వెళ్లింది. కడగలేదు. అటూ ఇటూ వంచి చూసింది. మర్నాడు పొద్దున్నే వంటగది నుంచి రెండు గిన్నెల జావ పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"నువ్వు కొలిచేది ఎప్పుడు?"

"వండగానే."

"దేంతో తీస్తావు?"

"కడిగిన చెంచాతో. ఆరోగ్యం, శుభ్రత..."

"అదీ సంగతి. నీ మిషన్ ఎప్పుడైనా ఎంగిలి చేసిందిరా?"

నేను కుర్చీలోంచి లేచాను.

ఆవిడ నా కుర్చీలో కూర్చుని ఒక గిన్నెలో జావ తినడం మొదలుపెట్టింది. చెంచా నోట్లోకి, మళ్లీ గిన్నెలోకి, ఒకసారి కలపడం, మళ్లీ నోట్లోకి. బాబాయికి ఎలా పెడుతుందో అచ్చం అలాగే. రెండో గిన్నెని నా చేత, అన్నిసార్లే, శుభ్రమైన చెంచాతో కలిపించింది. నలభై నిమిషాల తర్వాత రెండింట్లోంచీ కొంచెం తీసి మిషన్‌లో పోశాను. పొద్దున వండగానే కొలిస్తే రెండూ రెండొందల ముప్ఫై. నేను కలిపింది రెండొందల ఇరవై. ఎంగిలి గిన్నెలోది అరవై నాలుగు.

ఉమ్ములో ఉండే పదార్థం పిండిని విరిచి పలచన చేస్తుందని నాకు తెలియదా? పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా పైవాళ్లకీ తెలుసు. కాకపోతే జావ నోట్లో ఉండేది రెండు మూడు క్షణాలే కదా అని అందరం అక్కడే ఆగిపోయాం. నోట్లో పెట్టిన చెంచా తిరిగి గిన్నెలోకే వెళుతుందని ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? మాలో ఎవరమూ ఎవరి ఎంగిలి గిన్నే కడగలేదు.

గెలిచినందుకు పిన్ని సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ఆ అరవై నాలుగు వైపే చూస్తూ ఉండిపోయింది.

"అయితే నేనేరా. నర్సు గబగబా పెట్టేసింది, పక్క మంచం ఆయన బాగున్నాడు. నేను ఓపిగ్గా కలిపి కలిపి, ఈ చేతులతో నీళ్లు చేసి పోశాను మీ బాబాయి గొంతులో."

ఏడ్చింది. కాసేపటికి ముంజేత్తో కళ్లు తుడుచుకుని లేచింది.

"సరే. ఈ ఒక్క గిన్నె చూపిస్తే మీ వాళ్లు నమ్ముతారా?"

"నమ్మరు. కనీసం ఇరవై ఉండాలి."

"ఇరవై నోళ్లు తెస్తాను. రేపు మిషన్ సిద్ధంగా ఉంచు."

"అనుమతి లేకుండా వాడితే నా ఉద్యోగం పోతుంది పిన్నీ."

"భయమైతే ఎక్కడ నొక్కాలో చూపించి బయట నుంచో."

పిన్ని పట్టు పట్టిందంటే ఇంక అంతే. శనివారం సెలవు పూట పనిలో ఉన్న ప్రతి ఒక్కరినీ పోగుచేసింది. కాపలావాళ్లు, లిఫ్టు ఆపరేటరు, తోటమాలి, చాకిరేవు మనిషి, లెక్కల గుమాస్తా. వరసగా కూర్చోబెట్టి తలా ఒక గిన్నె, ఒక చెంచా ఇచ్చింది. లిఫ్టు ఆపరేటరు ఒక ముద్ద తిని మొహం అదోలా పెట్టాడు.

"కాస్త ఉప్పయినా వెయ్యక్కా."

"ఉప్పేస్తే లెక్క తప్పుతుంది. నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుంటే ఎలా తినను?"

ఆవిడకి నవ్వు రాలేదు. గడియారం పట్టుకుని వరస ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి ఇరవై అంకెలు నా చేతిలో ఉన్నాయి. పంతొమ్మిది వంద లోపల. ఒక్కటి నూట తొంభై. గుమాస్తాది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట, ఆరు నిమిషాల్లోనే ముగించి అడుగున మిగిలింది ఇచ్చేశాడు. ఆ గిన్నె తీసేద్దామన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "అదే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, ముందు అదే రాయి" అంది. నిజమే, గబగబా తింటే జావ పలచబడదని చూపేది అదొక్కటే. నాకు అది కూడా చెప్పించుకోవలసి వచ్చింది.

సోమవారం పొద్దున ఆవిడ తడి చీర కుచ్చెళ్లతోనే పెద్ద డాక్టరమ్మ గదిలోకి నడిచింది. వెనకాల నేను కాగితాలు పట్టుకుని. డాక్టరమ్మ కటువు మనిషి, కానీ చదవకుండా పక్కన పెట్టే మనిషి కాదు. రెండుసార్లు చదివింది.

"అంకెలు సరిగానే ఉన్నాయి. గిన్నెలో జావ పలచబడుతోందని తేలింది. మీ ఆయన గొంతు బాగుందని మాత్రం తేలలేదు కదమ్మా."

"తేలలేదు డాక్టరమ్మా. అదే తేల్చమంటున్నాను. ఒక్క పూట ఇవ్వండి. జావని ఎనిమిది చిన్న కప్పుల్లో పోద్దాం. కప్పుకో కొత్త చెంచా. ఒక కప్పు ఎంగిలి ఇంకో కప్పుకి తగలదు."

"ఒక్కసారి దగ్గు వచ్చినా మధ్యాహ్నమే గొట్టం వేస్తాను."

"వెయ్యండి."

"నర్సు తినిపిస్తుంది."

"వద్దమ్మా. నేనే పెడతాను, అదే నలభై నిమిషాలు. దగ్గు వచ్చింది నా చేత్తో పెడితేనే కదా. నర్సు పెట్టాక దగ్గు రాకపోతే, చెయ్యి మారింది కాబట్టి రాలేదని రేపు మీరే అంటారు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఈ మాట నువ్వు చెప్పాల్సింది కదా అన్నట్టుంది ఆ చూపు. తల దించుకున్నాను.

మధ్యాహ్నం తొమ్మిదో మంచం పక్కన గొంతులో పడ్డది లాగే మిషన్ సిద్ధంగా పెట్టారు. పళ్లెంలో ఎనిమిది కప్పులు, ఎనిమిది చెంచాలు. మొదటి చెంచా మింగి బాబాయి "రైట్ రైట్" అన్నాడు, భయం భయంగా. రెండో కప్పు, మూడో కప్పు. పిన్ని చేతిలో చెంచా తొణకడం లేదు. సగం దాటాక వార్డంతా తినడం మానేసి ఇటే చూస్తోంది. ఏడో కప్పు చివరి చెంచా మింగి బాబాయి కళ్లు మూసుకున్నాడు. మాట లేదు. డాక్టరమ్మ ముందుకు వంగింది. నర్సు ఆ లాగే మిషన్ గొట్టం చేతిలోకి తీసుకుంది.

"దిగేవాళ్లు దిగండి!" అన్నాడు బాబాయి కళ్లు తెరిచి.

"మీ వేళాకోళం మండిపోనూ! ప్రాణం పోయిందనుకున్నానండీ" అని పిన్ని అరిచింది. డాక్టరమ్మ కూడా నవ్వేసింది. ఎనిమిదో కప్పు అయ్యాక ఆయన అన్న "రైట్ రైట్", ఒకప్పుడు బస్సులో వెనక సీటువాళ్లకి ఎలా వినపడేదో అలా వినపడింది. గరగర లేదు. డాక్టరమ్మ గొట్టం కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, ఇకనుంచి వార్డులో అందరికీ కప్పులే అని అక్కడికక్కడే చెప్పింది. ఆ తర్వాత నన్ను పిలిచి, పద్నాలుగు నెలల అంకెలూ మళ్లీ కొలవమంది, ఈసారి ఎంగిలితో.

చూసేసరికి పిన్ని లేదు, పళ్లెమూ లేదు. కిందికి వెళ్లాను. కుళాయి కట్టేసే ఉంది. ఆవిడ ఎనిమిదో కప్పుని తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది. అడుగున మిగిలిన జావ జారలేదు. కప్పు విదిలించింది. అయినా జారలేదు. పీచుతో గీకుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"చూడరా, వదలట్లేదు. గీకితేగానీ రావట్లేదు."

"పిన్నీ, ముప్ఫై మంచాలు, ఎనిమిదేసి కప్పులు. పూటకి రెండొందల నలభై. ఆలోచించావా?"

"రానీ. ఎన్ని వస్తే అన్ని తోముతాను."

నేను చొక్కా చేతులు పైకి మడిచి, గట్టు మీదున్న రెండో పీచు తీసుకున్నాను.