నీళ్లు తొణకని బ్రేకు

ఉస్తాద్ పోయారని శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఆయనతో ఒకే గదిలో ఉండే పెయింటర్ చేశాడు. "అన్నా, నమాజుకు పోయొచ్చి పండుకున్యాడు. టీకి లేపితే లేవలా," అన్నాడు. నేను అప్పుడు అల్ ఐన్‌లో గుర్రాలకు నీళ్లు పెడుతున్నాను. బక్కెట్టు కింద పెట్టి, "సరిగ్గా లేపావా?" అని అరిచాను. నాకు కోపం వస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది, ఆ రోజు పాపం అతను దొరికాడు.

ఉస్తాద్ నాకు చుట్టమూ కాదు, మా ఊరివారూ కాదు. ఆయనది నెల్లూరు వైపు, నాది గోదావరి జిల్లా. ముసఫ్ఫాలో బండ్లకు కరెంటు పనులు చేసే ఒక షెడ్డులో ఆయన పెద్ద మెకానిక్. అక్కడ అందరూ ఉస్తాద్ అనేవారు. నేను నోటి అలవాటు కొద్దీ చివర 'గారు' తగిలించాను. "ఉస్తాద్ గారేందబ్బయా! బిర్యానీలో పప్పుచారు పోసినట్టుండాది," అని షెడ్డంతా వినపడేలా నవ్వారు. నేను మానలేదు. కొన్నాళ్లకు ఆయనే నా ఫోనెత్తి "చెప్పండి గోదారి గారూ" అనడం మొదలుపెట్టారు.

ఆయన గురించి చెప్పాలంటే మా గుర్రం గురించి చెప్పాలి. నేను ఇక్కడ ఒక అరబ్బు తోటలో డ్రైవర్ని, గుర్రాల పని కూడా నాదే. వాటిలో ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. దాన్ని అమ్మాయి అని పిలుస్తాను. నేను చేరక ముందు, ఎవరో డ్రైవర్ రౌండబౌట్ దగ్గర గట్టిగా బ్రేకు వేస్తే వెనక ట్రైలర్లో అది మోకాళ్ల మీద పడిందట. అప్పట్నుంచి ట్రైలర్ కనపడితే చాలు, చెవులు వెనక్కి పెట్టి కాళ్లు తన్నేది. ఖర్జూరాలు చూపించినా, బతిమాలినా ఎక్కేది కాదు.

కరోనా కాస్త తగ్గుముఖం పట్టాక దాని గిట్టకు చీము పట్టింది. తోటకు వచ్చే డాక్టర్ చూసి, ఇది నా చేతిలో లేదు, అబుదాబి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అన్నారు. మా ముదీర్, అంటే తోట మేనేజరు, మంచివాడే, దాని నుదురు నిమురుతూనే చెప్పాడు: ట్రైలర్ ఎక్కితే ఆసుపత్రి, ఎక్కకపోతే ఖలాస్. నిలబడలేని గుర్రాన్ని ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. బ్రేకులు సరిచేయిద్దామని నేను ఖాళీ ట్రైలర్ తగిలించుకుని ముసఫ్ఫా వెళ్లాను. అదే ఉస్తాద్‌ని మొదటిసారి చూడడం.

ఆయన ట్రైలర్ వైపు చూడకుండానే అడిగారు.

"దీంట్లో ఏం పోతాది?"

"గుర్రమండి."

"పేరేంది?"

"అమ్మాయండి."

చేతిలో ఉన్న వైరు కింద పెట్టి, నన్ను పైనుంచి కింద దాకా చూసి, "గుర్రాన్ని గూడా అండీ అంటావా?" అన్నారు. నేను ఒక్కోసారి అంటానని ఒప్పుకున్నాను.

ఇలాంటి ట్రైలర్‌కు దాని చక్రాలకు వేరేగా బ్రేకులుంటాయి. ముందు బండిలో స్టీరింగ్ కింద చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. మనం బ్రేకు తొక్కితే ఆ డబ్బా వెనక్కి కరెంటు పంపుతుంది, ట్రైలర్ చక్రాలు పట్టుకుంటాయి. ఉస్తాద్ మా డబ్బాను విప్పి చూసి పెదవి విరిచారు. "ఇది గడియారం చూసి నొక్కే రకం. నువ్వు మెల్లంగా తొక్కినా, గట్టింగా తొక్కినా దాని లెక్క దానిదే. ఇంకో రకముండాది, బండి ఎంత తగ్గితే అంతే నొక్కుతాది. ఇసకకీ సిమెంటుకీ మొదటిది చాలు. బతికుండే సరుక్కి రెండోదే ఉండాల."

పక్క కొట్లో రంగు రంగుల లైట్లున్న డబ్బా ఒకటి నాకు తెగ నచ్చేసింది. "ఈ లైట్లు ఎవురు చూడాల, నువ్వా, గుర్రమా?" అని దాన్ని అల్మరాలో పెట్టించేశారు. ట్రైలర్ ఇరుసులు రెండూ చూసుకుని, ఆ రెండో రకంలోనే అన్ని చక్రాలకూ సరిపోయే సాదా డబ్బా తీసుకున్నారు. దాన్ని రోడ్డుకు సూటిగా బిగించడానికి పడిన తంటా అంతా ఇంతా కాదు. వంకరగా కూర్చుంటే బండి తగ్గడం దానికి సరిగ్గా తెలియదట. ఆయన సీటు కింద దూరి బిగిస్తుంటే నేను బయట నిలబడి ఎడమకు, కుడికి అని చెప్పాను. పెళ్లిలో ఫోటోలు తీసేవాడికి కూడా అంత ఓపిక ఉండదు.

ఆ తర్వాత చేసిన పనే నేను ఇప్పటికీ మరిచిపోలేను. గుర్రం బరువుకు దగ్గరగా బార్లీ బస్తాలు ఎక్కించి, తన గదికి వెళ్లి అల్యూమినియం బేసిను తెచ్చారు. అందులో సగం దాకా నీళ్లు పోసి, గుర్రం ముందుకాళ్లు ఉండే చోట బస్తాల మధ్య పెట్టారు. "ఎందుకండి?" అన్నాను. "గుర్రానికి నోరుందా? ల్యా. నీళ్లు చెప్తాయి," అన్నారు.

షెడ్డు వెనక ఇసక మైదానంలో బండి నడిపారు. డబ్బాకు ఉన్న చిన్న మీటను బొటనవేలితో జరిపితే ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడుతుంది. జరపగానే అవి బిగుసుకుపోయి ఇసకలో జారాయి. బ్రేకు బలం పెంచి తగ్గించే మర ఒకటి డబ్బాకే ఉంది, దాన్ని వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, "బో కుదిరింది," అన్నారు. తీరా తారురోడ్డు ఎక్కి బ్రేకు తొక్కితే, బస్సు క్యూలో వెనకవాడు తోసినట్టు ట్రైలర్ మమ్మల్ని ముందుకు తోసింది. ఉస్తాద్ బండి పక్కకు ఆపి నెత్తి కొట్టుకున్నారు. "ఇసకలో చక్రం ఊరికే జారతాది గదా! ఆడ చూసి ఈడ రోడ్డుకు కొలత పెట్టినా. ఇన్నేండ్లు ఈ ఎడార్లో ఉండి ఇసకనే నమ్మితిని!" నవ్వీ నవ్వీ ఆయనకు దగ్గు పట్టుకుంది. నా గుర్రం ప్రాణం మీదకొస్తే ఈయనకు నవ్వేమిటని ఒళ్లు మండింది, కానీ ఆ నవ్వు చూస్తూ ఎవరైనా ఎంతసేపు మండగలరు?

మళ్లీ మొదటినుంచీ చేశారు. మెల్లగా నాలుగుసార్లు బ్రేకు వేసి చక్రాలు వేడెక్కించడం, మర కాస్త తిప్పడం, ఆపడం, దిగి బేసిను చూడడం. చూసే పని ప్రతిసారీ నాదే. "నువ్వే చూడు. నా కంటికి నా పని ఎప్పుడూ బాగనే కనపడతాది," అనేవారు. చివరికి బేసిను చుట్టూ నేల పొడిగా ఉంది. కూతురికి పంపడానికి కొన్న ఎర్ర గోళ్లరంగు జేబులోంచి తీసి, ఆ కొలత గుర్తుకు మర మీద చుక్క పెట్టారు. తర్వాత అదే బేసిన్లో బియ్యం కడిగారు. నాకు ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టి కానీ పంపలేదు.

పని అయిపోయింది కదా, అక్కడితో వదిలేయొచ్చు. వదల్లేదు. సెలవు రోజున బస్సెక్కి అల్ ఐన్ వచ్చారు. ట్రైలర్లోకి ఎక్కే పలక మీద అమ్మాయికి వీపు పెట్టి కూర్చుని, ఖర్జూరాలు తింటూ దాని వైపు చూడనే లేదు.

"ఎక్కుద్దంటారా ఉస్తాద్ గారూ?"

"ఎక్కించేది నా పని కాదబ్బయా. దిగేటప్పుడు బాగుంటే మళ్లా అదే ఎక్కుతాది. ష్వయ్ ష్వయ్, మెల్లమెల్లంగా."

చాలాసేపటికి అది వచ్చి ఆయన భుజం వాసన చూసింది. ఆయన కదల్లేదు. దాని మేత లోపల ఉంది. కుంటుకుంటూ ఒక కాలు, తర్వాత ఇంకో కాలు వేసి లోపలికి వెళ్లింది. తోట బయటి తారురోడ్డు మీద కాస్త దూరం తిప్పి దించాం. మళ్లీ ఎక్కింది. ఈసారి ఇంకొంచెం దూరం. ఉస్తాద్ నా పక్కన కూర్చుని చెవి వెనక్కి పెట్టి గిట్టల చప్పుడు వింటున్నారు. "తన్నడం ల్యా. నిలబడుండాది," అన్నారు మెల్లగా. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను అదొక్కసారే విన్నాను. మర్నాడు అమ్మాయి ఆసుపత్రికి వెళ్లింది, కొన్ని వారాలకు మామూలుగా నడిచి తిరిగి వచ్చింది.

అప్పట్నుంచి చలికాలంలో రోడ్డు మీద పొగమంచు పడితే ఆయన ఫోను తప్పకుండా వచ్చేది. "ట్రైలర్ ఊగితే కాలు కాదు, బొటనవేలు వాడాల. గుర్తుండాదా గోదారి గారూ?" ఉందండీ అంటే సరే, లేకపోతే మొదటినుంచీ పాఠమే. విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు మంచు పడితే ఎవరు చేస్తారు?

ఆయన్ని ఇక్కడే ఖననం చేశారు. భార్య, కూతురు ఊరి నుంచి ఫోన్లో చూశారు. నేను వెనక నిలబడి, నా వంతు వచ్చినప్పుడు గుప్పెడు ఇసక వేశాను. బయటికి వచ్చాక పెయింటర్ ఒక సంచీ చేతికిచ్చాడు. "మీకియ్యమని ఆయనేం చెప్పలా. అయినా మీకాడే ఉండాల అన్నా," అన్నాడు. సంచీలో బేసిను ఉంది.

ఈ వారం తోటకు కొత్త పికప్ వచ్చింది. పాత బండిలోని డబ్బా దీనికి మార్చాలి, మార్చాక ఆ ఎర్ర చుక్క పనికిరాదు, కొలత మళ్లీ పెట్టాలి. అమ్మాయికి ఇప్పుడు వయసు మీద పడింది, కన్ను చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మళ్లీ ఒక్కసారి పడిందంటే, ఇక జన్మలో ట్రైలర్ ఎక్కదు. ముసఫ్ఫాలో ఇంకెవరైనా ఉంటారుగా అన్నాడు ముదీర్. ఉంటారు. నాకే మనసొప్పలేదు. డబ్బా నేనే మార్చి, సూటిగా బిగించి, బస్తాలు ఎక్కించి, ఇసక జోలికి పోకుండా తారురోడ్డు మీద మర తిప్పుకుంటూ కూర్చున్నాను. ప్రతిసారీ దిగి బేసిను చూశాను. నా కంటికి నా పని బాగానే కనపడింది, అందుకే భయం వేసింది.

పొద్దున్నే అమ్మాయి పలక దగ్గర ఆగింది. నా భుజం వాసన చూసి, లోపలికి వెళ్లింది. దాని తల దగ్గరి గూట్లో బేసిను పెట్టి, నీళ్లు పోసి బయలుదేరాను. దారి పొడవునా నా చెవి వెనక్కే ఉంది.

ఆసుపత్రి దగ్గర తలుపు తీశాను. బేసిన్లో చుక్క నీరు లేదు. వంగి గూడు తడిమాను, పొడిగా ఉంది. నేల తడిమాను, అదీ పొడే. తల ఎత్తి చూస్తే అమ్మాయి నిమ్మళంగా నిలబడి నన్నే చూస్తోంది. నీళ్లు తొణకలేదు. తాగేసింది.

ఫోన్ తీసి ఆయన నెంబరు దాకా వెళ్లి ఆగాను. నవ్వూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాని గడ్డం కింది వెంట్రుకల నుంచి ఇంకా నీళ్లు, ఒక్కో చుక్కా ఆ ఖాళీ బేసిన్లోనే పడుతున్నాయి.