రైల్లో విన్న ప్రార్థన

చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కిన ముసలి దంపతులు నా ఎదురుగా కూర్చున్నారు. ఆమె క్యారేజీ విప్పగానే ఆయన కళ్లు మూసుకుని, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలెట్టాడు.

"పెబువా, దీని మోకాలి నొప్పి తీసీ తండ్రీ. కోపం మాత్రం ఉంచు. అది నేకపోతే నాకు తోసదు."

ఆమె కళ్లు తెరవకుండానే ఆయన్ని గిల్లి, "ఆమేన్" అంది. తర్వాత నన్ను చూసి, "ఏటమ్మా, అలా సూత్తన్నావు? ఓ ముద్ద తిను" అంది.

ఆకలి వేస్తూనే ఉంది. అయినా కుళ్లుకొని వద్దన్నాను.

మా ఆయన పాస్టరు. పెళ్లి చేసిన ప్రతి జంటకీ భార్యాభర్తల ప్రేమ గురించి గంటసేపు చెబుతారు. ఆదివారం ఆయన ప్రార్థనలో సంఘస్థుల పేర్లన్నీ, చివరికి పరీక్ష తప్పిన పిల్లల పేర్లు కూడా వస్తాయి. నేను ముందు వరసలో కళ్లు మూసుకుని, ఇప్పటికీ నా పేరు కోసం వింటుంటాను.