నాలుగు నాలుగుల నంబరు

నా కూతురికి పదకొండేళ్లు వచ్చినా మాటలు రాలేదు. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులం కొందరం కలిసి కోదాడలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, సంఘం పేరు మీద చిన్న బడి నడిపేవాళ్లం. నేను బట్టలు కుట్టేదాన్ని. రాత బాగుంటుందని నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. అప్పటికింకా తెలంగాణ రాలేదు. మా జిల్లా బండ్లన్నీ ఏపీ ఇరవైనాలుగు నంబర్లతోనే తిరిగేవి.

ఒక సాయంత్రం పిల్లల్ని ఇళ్లకు చేర్చే తెల్ల కిరాయి వ్యాను చౌరస్తాలో పంక్చరైంది. డ్రైవరు పిల్లలను దింపి పక్కన నిలబెట్టి టైరు విప్పుతున్నాడు. ఆలోపే నా కూతురు వెనక ఆగిన మరో తెల్ల వ్యాను ఎక్కేసింది. అది మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి కూలీలను తీసుకెళ్లే బండి. తన పేరు కూడా చెప్పలేని పిల్ల. మూడు గంటలు బస్టాండు, దవాఖాన, కాలువ గట్టు అన్నీ గాలించాం. కాలువలోకి తొంగిచూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. మా ఆయన చూసి, ఏమీ లేదన్నట్టు చేయి ఊపాడు. చివరికి పిల్ల సంచిలో ఉన్న బడి పుస్తకం మీది నంబరు చూసి ఆ ఫ్యాక్టరీ కాపలాదారు ఫోను చేశాడు. మేం వెళ్లేసరికి అతని కుర్చీలో కూర్చుని బిస్కెట్ తింటోంది.

ఆ సంగతి తెలిసి, మా ఊరివాడైన ఒక పెద్దాయన బడికి కొత్త వ్యాను కొనిచ్చాడు. అదీ తెల్లదే. బొమ్మలు వేయిద్దామంటే, ఊళ్లో ప్రతి బడి బండి మీదా బొమ్మలే. అప్పుడు మా టీచరమ్మ ఒక మాట చెప్పింది. మా పిల్లల్లో చాలామంది గుర్తుపట్టే అంకె ఒక్క నాలుగే. తలకిందులుగా పెట్టిన కుర్చీలా ఉంటుందని దాన్ని కుర్చీ అనే నేర్పింది. వ్యాను నంబరు నాలుగు నాలుగులైతే, పిల్లలు ఎక్కేముందు నాలుగు కుర్చీలు చూసుకుని ఎక్కుతారని ఆమె ఆలోచన. మాకందరికీ అది దేవుడు చెప్పిన మాటలా తోచింది.

కోరుకున్న నంబరు కావాలంటే సూర్యాపేట రవాణా ఆఫీసులో ముందుగా దరఖాస్తు పెట్టాలి. మనిషి పేరు మీదైతే సులువు. సంఘం పేరు మీదంటే సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, ఈ నంబరు కోరుతున్నామని కమిటీ తీర్మానం, సంఘం తరఫున ఎవరు సంతకం పెడతారో తెలిపే లేఖ ఉండాలి. మొదటిసారి వెళ్తే తీర్మానంలో అధ్యక్షుడి పేరుంది, దరఖాస్తు మీద నా సంతకముంది, చెల్లదన్నారు. రెండోసారి నియమావళిలో ఒక పేజీ లేదన్నారు. షోరూమువాళ్లిచ్చిన తాత్కాలిక నంబరు గడువు నెల రోజులే. తిరగడంలోనే మూడు వారాలు పోయాయి. ధర్మానికి నడిపే బడి కదా, నంబరు రుసుములో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను. అధికారి మర్యాదగానే చెప్పాడు, అలాంటి నిబంధన లేదని.

మూడోసారి కాగితాలన్నీ సరిపోయాయి. కిటికీ వెనకున్న గుమస్తా దరఖాస్తు తీసుకుని, తలెత్తకుండానే అన్నాడు.

"ఇదే నంబరుకు ఇంకొకరు కూడా పెట్టుకున్నరమ్మా. రెండు గంటలకు సీల్డ్ కవర్లు విప్పుతం. ఎవరు ఎక్కువ రాస్తే వాళ్లదే."

నాలుగు రాహువు అంకె, అపశకునమంటారని, పోటీకి ఎవరూ రారని అనుకున్నాం. తల్లిదండ్రులు పోగేసిచ్చిన దానికి మించి రాయడానికి నా దగ్గరేమీ లేదు. ఆ రెండో దరఖాస్తుదారు మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ముసలాయన. తెల్ల పంచె కట్టుకుని వేపచెట్టు కింద బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. వెళ్లి అడగమని బయట ఫారాలు నింపేవాళ్లు నన్ను తోశారు. అడుక్కోవడమనిపించి గంటసేపు మెట్ల మీదే నిలబడ్డాను. చౌరస్తా గుర్తొచ్చి కదిలాను.

చెప్పిందంతా ఆయన అడ్డుతగలకుండా విన్నాడు. పిల్ల తప్పిపోయిన ముచ్చట దగ్గర కళ్లు దించుకున్నాడు. మరో నంబరు తీసుకోరాదా అన్నాను.

"నా మొదటి లారీ నంబరు గదే బిడ్డా. అది అమ్మినంక మా ఇల్లు సల్లగ లేదు. పోయిన నెల ఈ హైవే మీదనే మా కొడుకు కారు బోల్తా కొట్టింది. ఇంక మంచం దిగలే. నీకు నీ పిల్ల ఎట్లనో, నాకు వాడు గట్ల."

లోపలికి వెళ్లి, మా దగ్గరున్నదంతా రాసి కవరు ఇచ్చాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. రెండు గంటలకు కవర్లు విప్పారు. నంబరు ఆయనకే వెళ్లింది. లేచి వెళ్తూ ఆయన నా ముఖం చూడలేదు. గడువు నాలుగు రోజులే మిగిలిందని ఆ పూటే వరసలో వచ్చిన నంబరు రాయించుకున్నాను. ఆరు, సున్నా, తొమ్మిది, రెండు. అన్ని బండ్లకూ ఉండే ఇరవైనాలుగులో తప్ప ఒక్క కుర్చీ కూడా లేదు. కోదాడ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంటికెళ్లి పదిమందికి ఏం చెప్పాలో తెలియలేదు.

తల్లిదండ్రులు నన్నేమీ అనలేదు. టీచరమ్మ మాత్రం నంబరు విని పలక మీద రాసి చూసుకుంది.

"నాలుగు తప్ప రాదని మనమే అనుకున్నం. నేర్పి చూసినమా?" అంది.

మర్నాటి నుంచి బడి గోడ మీద, పలకల మీద, అన్నం పళ్లేల అడుగున కూడా ఆ నాలుగు అంకెలే. నేను ఇంట్లో కత్తిరించిన గుడ్డముక్కలతో అంకెలు కుట్టి పిల్లకు ఇచ్చాను. వేలితో తడుముకుంటూ కూర్చునేది. నేర్చుకుంటోందో ఆడుకుంటోందో తెలిసేది కాదు. రెండు నెలలు పిల్ల పక్కన కూర్చుని వ్యానులో వెళ్లి వచ్చాను.

ఒక ఉదయం టీచరమ్మ పరీక్ష పెట్టింది. మా వ్యానును బడి బజారులో మరో రెండు తెల్ల వ్యానుల మధ్య నిలిపించి, డ్రైవరును కనబడకుండా వెళ్లమంది. నన్ను ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో నిలబడమంది, ఏం జరిగినా బయటికి రావద్దంది. టీచరమ్మ పిల్ల చేయి వదిలింది. నేరుగా మొదటి బండి దగ్గరికి పోయింది. అది మాది కాదు. తలుపు మీద చేయి వేసింది. నేను కొట్టు మెట్టు దిగబోతే షావుకారు చేయి అడ్డం పెట్టి ఆపాడు.

పిల్ల తలుపు వదిలింది. ముందుకెళ్లి వంగి నంబరు చూసింది. తర్వాతి బండి దగ్గరికి వచ్చి మళ్లీ వంగింది. ఆరు మీద వేలు పెట్టింది, సున్నా చుట్టూ తిప్పింది, తొమ్మిది, రెండు. తలుపు తీసుకుని ఎక్కి తన సీట్లో కూర్చుంది.

నేను కొట్టులోంచే ఆ నంబరు మరోసారి చదువుకున్నాను.

మిగతా పిల్లల్లో ఇద్దరికి ఆ నంబరు ఎన్నటికీ పట్టుబడలేదు. వాళ్ల కోసం బండిలో ఒక ఆయమ్మను పెట్టాం. నేను మాత్రం మర్నాటి నుంచి వ్యాను ఎక్కడం మానేశాను. మొదటి వారమంతా పిల్ల బడి నుంచి తిరిగొచ్చే వేళకు మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా తిన్నగా వేయలేకపోయాను.